రోవర్ కొనాలా? ముందు బంగారం బీరువాలో పెట్టండి

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ డిప్లొమా పూర్తి చేశాడు. విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు మూడు నెలల్లో డ్రోన్, డీజీపీఎస్ (ఉపగ్రహ సిగ్నళ్లతో కచ్చితంగా కొలిచే) సర్వే నేర్పిస్తామని, ఆ కొలతలు తీసే రోవర్ అనే పరికరం సొంతంగా ఉంటే వెంటనే సంపాదన మొదలవుతుందని అంటున్నారు. మా ఆవిడ బంగారం కుదువ పెట్టి కొందామనుకుంటున్నాం. ఆర్టీకే, పీపీకే, పీపీపీ పద్ధతుల్లో ఏది ఉన్న మోడల్ మంచిది? మా అన్నయ్య కొడుకు సీఎస్ఈలో ఉన్నాడు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అసలు బాధ ఆ చివరి వాక్యంలో ఉందండి. అన్నగారబ్బాయితో సమానంగా మనవాడూ నిలబడాలి, అదీ వెంటనే. ఆ తొందర మిషన్ కొంటే తీరేది కాదు.

రోవర్ బ్రోషర్‌లో వెయ్యికి పైగా ఛానళ్లని, అంటే ఒకేసారి అన్ని సిగ్నళ్లు పట్టగలదని పెద్దక్షరాల్లో వేస్తారు. జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైడూ, మన నావిక్ ఉపగ్రహ వ్యవస్థలన్నీ కలిపినా ఒక వేళకు నెత్తిమీద కనిపించే ఉపగ్రహాలు కొన్ని పదులే. ఉపగ్రహాలు పంపే ఫ్రీక్వెన్సీల్లో ఎల్1తో పాటు ఎల్2, ఎల్5 కూడా పడుతోందా అని చూడండి. వాతావరణంలో బాగా పైనున్న ఐనోస్ఫియర్ పొర సిగ్నల్‌ను ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కాబట్టి, రెండు ఫ్రీక్వెన్సీలు ఉంటే లెక్కగట్టి తీసేయొచ్చు. రోవర్ బిగించిన కర్ర వంగినా సరిచేసే టిల్ట్ సౌకర్యం గోడ మూలల దగ్గర పనికొస్తుంది. అంతకుమించి దానికి డబ్బు పోయక్కర్లేదు.

ఇక మీరడిగిన పోలిక. ఆర్టీకేలో, స్థానం ముందే తెలిసిన పాయింటు మీద పెట్టిన ఇంకో రిసీవర్ (బేస్) పంపే సవరణలతో రోవర్ అక్కడికక్కడే సెంటీమీటర్లలో లెక్క చెబుతుంది. బేస్‌కు దూరమయ్యేకొద్దీ కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున తేడా కలుస్తుంది. సొంత బేస్ లేకపోతే సర్వే ఆఫ్ ఇండియా శాశ్వతంగా నడిపే బేస్‌లైన కార్స్ స్టేషన్ల సవరణలు సిమ్ ద్వారా తీసుకోవచ్చు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలోనూ కార్స్, రోవర్లు వాడారు. పీపీకే అంటే డేటా తెచ్చుకుని అదే లెక్క తర్వాత ఆఫీసులో వేసుకోవడం. డ్రోన్‌కు, సెల్ సిగ్నల్ లేని చోటికి అది బాగుంటుంది. పీపీపీ ఉపగ్రహాల కక్ష్య, గడియారాల సవరణలతో నడుస్తుంది; దానికి దగ్గర్లో బేస్ అక్కర్లేదు కానీ లెక్క కుదురుకునేదాకా ఆగాలి. గెలీలియో 2023 నుంచి ఉచితంగా ఇస్తున్న సవరణల లక్ష్యం 20 సెంటీమీటర్లు, సరిహద్దు రాయికి అది చాలదు. మన దేశపు ఉపగ్రహ సవరణల వ్యవస్థ గగన్ విమానాల కోసం పెట్టింది, మీటర్లలో ఉంటుంది.

ఇదంతా వారంలో నేర్చుకోవచ్చు. నేర్వాల్సింది వేరే ఉంది. చింతచెట్టు కింద సరిహద్దు రాయి, స్క్రీన్ మీద ‘ఫ్లోట్’, అంటే లెక్క ఇంకా తేలలేదని. కాసేపటికి తేలిందని ‘ఫిక్స్’ వస్తుంది. రైతు పక్కనే నిలబడి తొందరపెడుతుంటాడు. ఆకుల వల్లో, పక్క గోడకు తగిలి వచ్చిన సిగ్నల్ వల్లో ఆ ఫిక్స్ తప్పయి ఉండొచ్చు. తెలిసినవాడు రిసీవర్‌ను రీసెట్ చేసి మళ్లీ కొలుస్తాడు, ఇంకో వేళకు వచ్చి సరిచూస్తాడు. మిషన్ చూపించే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదని, మన వైపు ఆ తేడా పదుల మీటర్లని అతనికి తెలుసు. మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోందనీ, అందుకే వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పద్ధతుల్లో తీసిన కోఆర్డినేట్లు (స్థానాన్ని చెప్పే అంకెలు) చూసుకోకుండా కలపకూడదనీ తెలుసు. కూలి ఇచ్చేది ఈ తెలివికే.

నా అనుమానమంతా ఆ మూడు నెలల కోర్సు మీదే. డ్రోన్‌కు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలోనే శిక్షణ తీసుకోవాలి. వాళ్లకు ఆ గుర్తింపు ఉందా అని అడిగారా? డ్రోన్ ఎగరేయడం నేర్చుకోవడం తేలికే. డ్రోన్ ఫొటోలను సరిచూసుకోవడానికి నేలమీద స్థానం కొలిచిన గుర్తులు (కంట్రోల్ పాయింట్లు) సరిగ్గా పెట్టేవాడే దొరకడం లేదు. రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగే కోర్సుల్లో ఆ పని చేయించరు.

కోపం తెచ్చుకోకండి, ఇంకో మాట అంటాను. మీ ఉత్తరంలో అబ్బాయికి ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఏప్రిల్ ఎండలో పొలం గట్ల మీద తిరగడం వాడికి ఇష్టమో కాదో కనుక్కోకుండా బంగారం ఎలా తీస్తారండీ? రేపు పని కుదరకపోతే ఆ అప్పు భారం వాడి మీద వేస్తారా?

సివిల్ తీసుకున్నాడని టెన్షన్ పడకండి. రోడ్లు, రైల్వే, కాలువలు, అమరావతి పనులు, ఏది మొదలైనా ముందు దిగేది సర్వేయరే. డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సులు పెడుతుంది, అందులో చేర్పించండి. పగలు తెలిసిన సర్వేయర్ దగ్గర సహాయకుడిగా పంపండి, జీతం తక్కువైనా సరే. రోవర్లు అద్దెకూ దొరుకుతాయి. ఆరు నెలలయ్యాక వాడే వచ్చి సొంతది కావాలంటే, ఏ కంపెనీ రిపేరు విజయవాడలోనే చేసి ఇస్తుందో కనుక్కుని రాయండి. మోడల్ సంగతి అప్పుడు చూద్దాం.