సీజన్ అయిపోయింది... మనసంతా ఖాళీగా ఉంది, ఇది జబ్బేనా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 33. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఇంటర్ చదివే రోజుల నుంచి లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ అభిమానిని. మొన్న ఆదివారం, 2024 మే 19న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్ ముగిసింది. మా జట్టు ఆఖరి మ్యాచ్ గెలిచినా 89 పాయింట్ల దగ్గరే ఆగింది. 91 పాయింట్లతో టైటిల్ మాంచెస్టర్ సిటీకి పోయింది. ఆ రాత్రి ఛాతీ బరువెక్కి, పది నిమిషాలు గుండె దడదడలాడింది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాను. నాలుగు రోజులుగా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, పిల్లాడి మీద ఊరికే కసురుకుంటున్నాను. 'ఎక్కడో లండన్‌ల వాళ్లు ఆడితే నువ్విక్కడ అన్నం మానుడేంది?' అంటోంది మా ఇంటామె. మ్యాచ్ రోజుల్లో సిగరెట్లు ఐదారు అవుతాయి. నాన్నకు బీపీ ఉంది. నాకేమైనా జబ్బా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ పది నిమిషాల సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే. ముప్పై మూడేళ్ల వయసులో ఇలాంటి దడ చాలాసార్లు టెన్షన్ వల్లే వస్తుంది. కానీ సిగరెట్లు, తండ్రికి బీపీ, తెగిన నిద్ర కలిసినప్పుడు నేను దాన్ని గ్యాస్ ఖాతాలో రాయలేను. ఈ వారంలోనే ఈసీజీ తీయించుకుని, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. మళ్లీ ఛాతీలో బరువు గానీ నొప్పి గానీ వచ్చి కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా సోడా సీసా వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి. బైక్ మీద మీరే ఆసుపత్రికి బయలుదేరవద్దు.

మ్యాచ్ చూస్తే గుండెకు నిజంగా ఏమైనా అవుతుందా అని మీ ఇంటివాళ్లకు అనుమానం రావచ్చు. 2006లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో డాక్టర్లు లెక్క తీశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజులకన్నా రెండున్నర రెట్లకు పైగా పెరిగాయి. అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద ఆ ప్రభావం మరీ ఎక్కువ. మైదానంలో పరిగెత్తేది ఆటగాళ్లే అయినా ఉద్వేగంలో ఊరే అడ్రినలిన్ హార్మోన్ మీ ఒంట్లోనూ పారుతుంది. ఆదివారం రాత్రి మీకు జరిగింది చూడండి. ఎనిమిదిన్నరకు మీ జట్టు మ్యాచ్, సిటీ మ్యాచ్ ఒకేసారి మొదలయ్యాయో లేదో రెండో నిమిషంలోనే సిటీ గోల్ కొట్టింది. తర్వాత సిటీతో ఆడుతున్న వెస్ట్ హామ్ ఒకటి తిరిగి కొట్టేసరికి మీలో ఆశ లేచి ఉంటుంది, రెండో సగంలో సిటీ మూడో గోల్‌తో అది కూలి ఉంటుంది. ఇటు మీ జట్టు గెలుపు గోల్ 89వ నిమిషం దాకా రాలేదు. రెండు గంటలు ఒక ఫోనులో ఒక మ్యాచ్, ఇంకో ఫోనులో ఇంకో మ్యాచ్ చూసే మనిషి గుండె నింపాదిగా ఎలా కొట్టుకుంటుంది?

ఇక మనసు సంగతి. మీరు చెప్పినంతవరకు ఇది జబ్బు కాదు, దుఃఖం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆగస్టు నుంచి మే దాకా 38 మ్యాచ్‌లు మీ వారాన్ని నడిపించాయి. ఏదో మంచి జరగబోతోందని ఎదురుచూసేటప్పుడే మెదడులో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా పని చేస్తుంది. గెలుస్తామో లేదో తెలియని ఎదురుచూపులో మరీ ఎక్కువ. ఆ ఎదురుచూపు ఒక్క రాత్రిలో ఆగిపోయింది. శనివారం వస్తుంది, మ్యాచ్ రాదు. పైగా ఒక్క ఓటమీ లేకుండా లీగ్ గెలిచిన 2003-04 తర్వాత ఇరవై ఏళ్లుగా మీ జట్టుకు ఆ టైటిల్ లేదు. నిరుడూ రెండో స్థానమే. చివరి దాకా వచ్చి చేజారిన దాని బాధ మొదటే ఓడిపోయిన దాని కన్నా ఎక్కువగా పీడిస్తుంది.

మీ ఇంటామెకు ఒక మాట చెప్పండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషి. పతకం అంత దగ్గరికొచ్చి దక్కకపోతే ఇక్కడి వాళ్లూ ఇలాగే కుమిలి ఉంటారు. అభిమానం ఊరు, దేశం చూసుకుని పుట్టదు. అయితే ఆమె కోపంలో నాకు న్యాయం కూడా కనిపిస్తోంది. మీ కసురు పడుతున్నది ఏ పాపం ఎరుగని పిల్లాడి మీద. 'నాన్న బాధగా ఉన్నాడు, నీ తప్పేం లేదు' అని వాడితో ఈ రాత్రే చెప్పండి. మీతో కలిసి మ్యాచ్‌లు చూసే స్నేహితులను ఒక సాయంత్రం పిలిచి, ఆ ఆట గురించి తనివితీరా మాట్లాడుకోండి. ఒక్కరే గదిలో కూర్చుని పాత గోల్స్ చూడటం మాత్రం ఆపండి.

మీ చికాకులో సగం నిద్ర బాకీ అని నా అనుమానం. వారం మధ్య మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలవుతాయి. తెల్లారితే మిల్లు. యాసంగి వడ్ల లారీలు వరస కట్టే ఈ రోజుల్లో సెలవూ దొరకదు. పైగా మన దిక్కు మే నెల రాత్రులు ఉడికిస్తాయి. ఎంత ఆలస్యంగా పడుకున్నా రోజూ ఒకే వేళకు లేవండి. లేవగానే ఓ ఇరవై నిమిషాలు ఎండ ముదరకముందే బయట నడవండి. సాయంత్రం ఐదు దాటాక టీ వద్దు. టీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. మధ్యాహ్నం కునుకు అరగంట మించకూడదు. నిద్రమాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

మామూలుగా ఈ దిగులు ఒకటి రెండు వారాల్లో సడలుతుంది. రెండు వారాలు దాటాక కూడా రోజంతా అలాగే ఉన్నా, ఫుట్‌బాలే కాదు ఇంకేదీ రుచించకపోయినా నల్గొండ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

జూన్ 14న జర్మనీలో యూరప్ దేశాల ఫుట్‌బాల్ పోటీ యూరో కప్ మొదలవుతోంది. ఈ ఖాళీని దానితో నింపుకోవాలని మీకు అనిపిస్తుందని నాకు తెలుసు. సాయంత్రం ఆరున్నర, రాత్రి తొమ్మిదిన్నర మ్యాచ్‌లు చూడండి, సిగరెట్ ముట్టకుండా, పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని. పన్నెండున్నరవి పొద్దున హైలైట్స్‌లో చూసుకోవచ్చు. కానీ ఈసీజీ అంతకంటే ముందే అయిపోవాలి. ఆ రిపోర్టు, రెండు మూడు రోజుల బీపీ లెక్కలు జతచేసి నాకు మళ్లీ రాయండి.