తెర నల్లబడితే తప్పు డ్రైవర్‌దేనా?

గ్రాఫిక్స్ డ్రైవర్ల మీద, అంటే తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్‌ల మీద వచ్చిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. అందరికీ ముందుగా ఒక మాట. ఏ ఇబ్బంది వచ్చినా డ్రైవర్ తీసేసి మళ్లీ వేయడంతో మొదలుపెట్టకండి. డివైస్ మేనేజర్‌లో, ఈవెంట్ వ్యూయర్‌లో కంప్యూటర్ ఏం రాసిపెట్టిందో ముందు చదవండి. సగం తిప్పలు అక్కడే తప్పుతాయి.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి అక్షరాలు పెద్దపెద్దగా, మసకగా కనిపిస్తున్నాయి. రిజల్యూషన్ మార్చనివ్వడం లేదు. వీడియోలు ఆగి ఆగి నడుస్తున్నాయి. డ్రైవర్ మళ్లీ వేసినా మార్పు లేదు.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. 'డిస్‌ప్లే అడాప్టర్స్' కింద మీ కార్డు పేరుకు బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే, కార్డుకు అసలు డ్రైవరే లేదని అర్థం. బేసిక్ డ్రైవర్‌తో బొమ్మ వస్తుంది, అంతే. వీడియో పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది కాబట్టి ఆగి ఆగి నడుస్తుంది. కార్డు పేరు సరిగ్గానే ఉండి పసుపు గుర్తు కనిపిస్తే, పేరు మీద డబుల్ క్లిక్ చేసి 'డ్రైవర్' ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. అప్‌డేట్ తర్వాత వచ్చిన గొడవ అయితే చాలాసార్లు దీంతోనే సర్దుకుంటుంది. ఆ బటన్ నొక్కనివ్వకపోయినా, అసలు డ్రైవరే లేకపోయినా మాత్రం పాతదంతా తుడిచి, కొత్తది వేయాలి.

ఈ పనిలో వరుస తప్పితే ఫలితం ఉండదు. ముందు ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్‌లలో మీ కార్డు ఎవరిదైతే వారి సైట్ నుంచే డ్రైవర్ దింపి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే దాని తయారీదారు సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి తీసుకోవడం మంచిది. 'డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్' అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా దింపుకోండి. అందరూ డీడీయూ అనేది దీన్నే. ఇప్పుడు నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. మీరు పాత డ్రైవర్ తుడిచి కంప్యూటర్ రీస్టార్ట్ చేసేలోగా విండోస్ తనంతట తాను నెట్ నుంచి వేరే డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది. దాని మీద మీరు మీది వేస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ వరకు వెళ్లి, జాబితా వచ్చాక 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్ వస్తుంది. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకోండి. సేఫ్ మోడ్‌లో ఒక్కోసారి పిన్ పనిచేయదు కనుక పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి. డీడీయూలో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్), మీ కంపెనీ ఎంచుకుని 'క్లీన్ అండ్ రీస్టార్ట్' నొక్కండి. మామూలు విండోస్ వచ్చాక, దింపి పెట్టుకున్న డ్రైవర్ వేసి, అప్పుడు నెట్ కలపండి. డ్రైవర్ పడుతున్నప్పుడు తెర కొన్ని క్షణాలు నల్లబడటం మామూలే, కంగారుపడి స్విచ్ కట్టేయకండి. కరెంటు పోతూ వస్తూ ఉండే వేళల్లో యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) మధ్యలో తెర రెండు మూడు సెకన్లు నల్లబడి తిరిగి వస్తుంది, ఎడిటింగ్ ప్రోగ్రామ్ మూసుకుపోతుంది. డ్రైవర్లు మార్చి మార్చి విసిగిపోయాను. విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో ఏదో 'టీడీఆర్ డిలే' పెంచితే పోతుందంటున్నారు. పెంచమంటారా?
– వీడియోగ్రాఫర్, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే వద్దు. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చిన పనికి రెండు సెకన్లలో జవాబు రాకపోతే, కార్డు ఇరుక్కుపోయిందనుకుని విండోస్ డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ఏర్పాటు పేరే టీడీఆర్. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి, ఆ సమయానికి 4101 నంబర్ ఈవెంట్ ఉందేమో చూడండి. ఉంటే జరిగింది ఇదే. గడువు పెంచితే నిజంగా ఇరుక్కున్న కార్డు విడుదల కాదు, నల్ల తెర ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. కార్డు ఆరోగ్యంగా ఉండి, ఒకే ఎఫెక్ట్ లెక్క కట్టడానికి రెండు సెకన్లు చాలనప్పుడు మాత్రమే ఆ మార్పు పనికొస్తుంది.

డ్రైవర్లు మార్చినా మళ్లీ అదే వస్తోందంటే మా అనుమానం వేడి మీద, అంతకంటే ఎక్కువగా కంప్యూటర్‌కు కరెంటు పంచే పెట్టె, ఎస్‌ఎంపీఎస్ మీద. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, జీపీయూ దగ్గర ఉష్ణోగ్రత కనిపిస్తుంది. రెండర్ నడుస్తుండగా 85 డిగ్రీలు దాటి అక్కడే ఉంటే కంప్యూటర్ ఆపి, క్యాబినెట్ తెరిచి దుమ్ము ఊదండి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని ఊదాలి.

వేడి సరిగ్గానే ఉంటే ఒక పరీక్ష చేయండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో ఓవర్‌క్లాక్ (కార్డు వేగాన్ని మామూలుకంటే పెంచే సెట్టింగ్) ఏదైనా ఉంటే తీసేసి, పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించి అదే ప్రాజెక్టును మళ్లీ రెండర్ చేయండి. ఈసారి ఆగకుండా పూర్తయితే డ్రైవర్‌ను నిందించి లాభం లేదు, కార్డుకు కరెంటు సరిగ్గా అందడం లేదని అనుకోవాలి. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్ల కేబుల్ ఇంకో 75, 8 పిన్లది 150 ఇస్తుంది. కార్డుకు రెండు పవర్ సాకెట్లు ఉంటే ఒకే కేబుల్‌కు ఉన్న రెండు కొసలూ గుచ్చకుండా, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. హార్డ్‌డిస్క్‌లకు కరెంటు ఇచ్చే సాటా కనెక్టర్ నుంచి 6 పిన్లకు, 8 పిన్లకు మార్చే కన్వర్టర్ వాడుతుంటే ఈ రోజే తీసేయండి. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర మోయగలిగేది 54 వాట్లే. అంతకు మించితే ప్లాస్టిక్ కరుగుతుంది, మంట కూడా రావచ్చు.

ప్రశ్న: జీటీ 730 కార్డు ఉన్న పాత కంప్యూటర్‌లో విండోస్ 10 మళ్లీ వేశాను. ఎన్విడియా కొత్త డ్రైవర్ వేయబోతే, తగిన హార్డ్‌వేర్ కనబడలేదని ఆగిపోతోంది. కార్డు పోయినట్టేనా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: పోలేదు. కొత్త డ్రైవర్లకు మీ కార్డు తెలియదు, అంతే. పైగా జీటీ 730 పేరుతో రెండు వేర్వేరు చిప్‌లు అమ్ముడయ్యాయి. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి, 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. 'డెవ్' అన్న మాట తర్వాత 1287 ఉంటే అది 384 కోర్ల కెప్లర్ చిప్. దానికి చివరిది 470 వరుస, సైట్‌లో 474, 475తో మొదలయ్యే నంబర్లూ ఆ వరుసవే. 0ఎఫ్02 ఉంటే 96 కోర్ల పాత ఫెర్మీ చిప్, దానికి 391.35 దగ్గరే ఆఖరు. పెట్టె మీద పేరు చూసి కాకుండా ఈ నంబర్ చూసి డ్రైవర్ దింపండి.

జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డులున్నవారు కూడా గమనించాలి. వాటికి 580 వరుసే చివరిది. ఆ తర్వాత 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో' అనే అప్‌డేటర్ యాప్‌లకు ఇలాంటి తేడాలు తెలియవు, వాటి జోలికి పోవద్దు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 580 కొన్నాను. బొమ్మ వస్తుంది గానీ ఏఎండీ డ్రైవర్ వేయగానే కోడ్ 43 అంటుంది.
– పాఠకుడు, వరంగల్

జవాబు: కోడ్ 43 అంటే కార్డులో ఇబ్బంది ఉందని విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. క్రిప్టో మైనింగ్‌లో (క్రిప్టో కరెన్సీ కోసం రాత్రింబవళ్లు లెక్కలు కట్టించడంలో) వాడిన కార్డు అయి ఉండవచ్చు. మైనింగ్ కోసం బయోస్‌ను, అంటే కార్డులోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను మార్చేస్తారు. మార్చిన బయోస్‌ను ఏఎండీ డ్రైవర్ ఒప్పుకోదు. కొన్ని కార్డుల అంచున రెండు బయోస్‌ల మధ్య మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. కరెంటు పూర్తిగా తీసేసి, దాన్ని రెండోవైపు జరిపి చూడండి. స్విచ్ లేకపోతే అసలు బయోస్ ఎక్కించాలి. అది అలవాటున్నవారి చేతే చేయించండి, తప్పు ఫైల్ ఎక్కితే తెర మీద బొమ్మే రాదు. డ్రైవర్ తనిఖీని దాటవేసే ప్యాచ్‌లు మాత్రం వాడకండి. పనిలోపనిగా కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో షేడర్ల (చిప్‌లోని చిన్న లెక్కల యూనిట్ల) సంఖ్య చూడండి. 2304 ఉంటే పూర్తి 580, 2048 ఉంటే తక్కువ రకం. వేరే కంప్యూటర్‌లోనూ కోడ్ 43 వస్తే, దుకాణం ఇచ్చిన గడువు దాటకముందే కార్డు తిరిగి ఇచ్చేయండి.