తుప్పు బండి కొన్న మేనల్లుడికి

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "లక్షా పదివేలు పోసి తుప్పు డొక్కు తెచ్చి ఇంటిముందు నిలబెట్టాడు, నువ్వైనా గడ్డి పెట్టు తమ్ముడూ" అని. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. నిన్ను తిట్టడానికి కాదు ఈ ఉత్తరం. ముప్పై ఎనిమిదేళ్ళుగా పాత బండ్లతోనే బతికినవాణ్ణి, పాత బండిని చూస్తే నాకు కోపం రాదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి రాసి పంపుతున్నాను.

2012 మోడలు బొలెరో పికప్, అదీ కైకలూరు వైపు చేపలూ రొయ్యలూ తోలిన బండి. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఐసు కరిగిన నీళ్ళు, రొయ్యల ఉప్పునీళ్ళు పదేళ్ళపాటు తొట్టిలోంచి కిందున్న ఇనప చట్రం, అంటే ఛాసిస్ మీదికి కారుతూనే ఉండుంటాయి. నువ్వేమో డోర్ల కింద తుప్పు చూసి టింకరింగ్ ఎంతవుతుందని అడుగుతున్నావు. డోర్లు ఊడిపోయినా బండి నడుస్తుందిరా. ముందు కిందికి దూరి చూడు.

చూసే ముందు కాగితాలు. బండి నీ పేరుకు మారడానికి 29, 30 ఫారాల మీద ఓనరు సంతకాలు తీసుకున్నావా? ఫైనాన్సు తీరినట్టు 35 ఫారం ఉందా? పాత చలాన్లు, కట్టని టాక్సు ఏమైనా ఉంటే అవి నీ మెడకే చుట్టుకుంటాయి. తర్వాత ఛాసిస్ నంబరు. తుప్పు బండ్లలో ఆ అంకెలు సగం తినేసి ఉంటాయి. దాని మీద గ్రైండరు మాత్రం పెట్టొద్దు. కిరసనాయిలులో ముంచిన గుడ్డ, మెత్తటి బ్రష్షు, అంతే. శుభ్రమయ్యాక పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తియ్యి. సీ బుక్కులో (ఆర్సీలో) ఉన్న ప్రతి అంకె ఆ కాగితం మీద పడాలి. పడలేదా, ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకుండా నాకు ఫోన్ చెయ్యి. అంకెలు కనపడకపోతే ఫిట్‌నెస్ ఇవ్వరు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ కావాలి కదా. పైగా పదిహేనేళ్ళు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు బాగా పెంచారు. ఇంకెన్నేళ్ళు తిప్పుతావో లెక్క వేసుకుని, దాన్నిబట్టే ఖర్చు పెట్టు.

ఇప్పుడు ఛాసిస్. అరకిలో సుత్తి ఒకటి, పాత స్క్రూడ్రైవరు ఒకటి పట్టుకో. ముందునుంచి వెనక్కి జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పో. మంచి ఇనుము ఖంగుమంటుంది. చచ్చిన ఇనుము తడి చెక్కను కొట్టినట్టు డబ్‌మంటుంది. ఆ డబ్‌మన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడువు. పెచ్చు లేచి కింద మెరుపు కనిపిస్తే పైపై తుప్పే. మొన లోపలికి దిగిందంటే అక్కడ ఇనుము లేనట్టే. ముఖ్యంగా వెనక కమాను పట్టీలను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ బ్రాకెట్ల దగ్గర, అడ్డ పట్టీలు రివిట్ కొట్టిన మూలల్లో, క్యాబిన్ కింద రబ్బరు బుష్‌లు కూర్చునే చోట చూడు. బురద దాక్కునేది అక్కడే. గుర్తులన్నీ పెట్టాక ఫొటోలు తీసి పంపు. కమాను బ్రాకెట్టు కూర్చునే ఛాసిస్ పట్టీయే తినేసి ఉంటే మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ బండిని విడిభాగాలకు అమ్మెయ్యి. ఆ నష్టం తట్టుకోవచ్చు.

పైపై తుప్పయితే ఓపికతో వదిలించొచ్చు. గ్రైండరుకు వైరు బ్రష్షు తగిలించి మెరుపు వచ్చేదాకా గీకాలి. సందుల్లో మిగిలినదానికి తుప్పు మందు పూసి పూర్తిగా ఆరనివ్వు. ఆ తర్వాతే రెడ్ ఆక్సైడు, దాని మీద నల్ల రంగు. చాలామంది తుప్పు మీదే రెడ్ ఆక్సైడు కొట్టి చేతులు దులుపుకుంటారు. ఒక్క వానాకాలం గడిస్తే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. కాలిన ఇంజనాయిలు పూస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకు, అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది.

వెల్డింగు పెట్టాల్సి వస్తే బ్యాటరీ తీగలు ఊడదీసి, డీజిల్ ట్యాంకు దించాకే మొదలుపెట్టించు. మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, అక్కణ్ణుంచి అతుకు వెయ్యాలి. కుళ్ళిన అంచుకు వెల్డింగు పెడితే తూట్లు పడతాయి తప్ప అతకదు. అతుకు చివర్లు నిలువుగా తెగ్గొట్టకూడదు, చేపతోకలా ఏటవాలుగా ఉండాలి. నిలువుగా వేస్తే లోడు పడ్డప్పుడు బరువంతా ఆ ఒక్క గీత మీదికి వచ్చి, సరిగ్గా అక్కడే విరుగుతుంది.

తుప్పు బోల్టులతో కుస్తీ పట్టకు. రాత్రి డీజిల్ పోసి వదిలెయ్యి. తెల్లారి స్పానరు పెట్టగానే విప్పడానికి చూడకు, ముందు బిగించే వైపు కాస్త కదిలించు. టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. తుప్పు పట్టు వదిలిందన్నమాట. ఇక అటూ ఇటూ ఆడిస్తూ విప్పు. ఈ టిక్కు వినే ఓపిక లేక నేను నా కుర్రతనంలో ఎన్ని బోల్టుల తలలు విరగ్గొట్టానో.

ఇక పాత సామాను సంగతి. ఆటోనగర్‌కు వచ్చే సామాను చాలావరకు యాక్సిడెంటు బండ్లదే. అందుకని దుకాణంలో ధర అడిగే ముందు, ఆ బండికి దెబ్బ ఎటువైపు తగిలిందో అడగాలి. ముందు గుద్దుకున్న బండి అయితే వెనక హౌసింగు (వెనక చక్రాలను తిప్పే గేర్లుండే ఇరుసు), తొట్టి, కమాను పట్టీలు ధైర్యంగా చూడొచ్చు. వెనకనుంచి గుద్దించుకున్న బండి అయితే క్యాబిన్, డోర్లు, రేడియేటరు. డోరు కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకో. అంచు వెంబడి జరుపుతూ పో, పట్టు తప్పిన చోట రంగు కింద ఉన్నది పుట్టీ. వెనక హౌసింగు కొంటే లోపలి క్రౌన్, పినియన్ గేర్ల పళ్ళు రెండూ లెక్కపెట్టి, నీ బండి లెక్కతో సరిపోతేనే తీసుకో. డ్రెయిన్ బోల్టు విప్పించి ఆయిల్లో వేలు ముంచి చూడు. వేళ్ళ మధ్య నలిపితే ఇసకలా గరగర తగిలితే పళ్ళు అరుగుతున్నట్టు. నంబరు అరగదీసిన ఇంజను ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు, దొంగసొత్తు అయ్యుంటుంది. నంబరు ఉన్న ఇంజనైనా మార్చే ముందు ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని, సీ బుక్కులో ఎక్కించుకోవాలి. ఏది కొన్నా బిల్లు అడుగు.

ఒక్కటి మాత్రం నా మాట విను. ఇనుము పాతది కొను, రబ్బరు, బ్రేకు, స్టీరింగు, చక్రాల సామాను మాత్రం కొత్తదే కొను. బ్రేకు హోసులు, వీల్ సిలిండర్ కిట్లు, టైరాడ్ ఎండ్లు (స్టీరింగు కడ్డీని చక్రానికి కలిపే కీళ్ళు), బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు పాతవి అరవై రూపాయలకే ఇస్తానన్నా వద్దు. 1994లో నేను ఇచ్చాను. మినీ లారీ ఒకటి, ఓనరు దగ్గర డబ్బుల్లేవు, బతిమాలాడు. పాత టైరాడ్ ఎండ్ చేత్తో తిప్పి చూసి, బిగువుగానే ఉందనుకుని బిగించాను. పదకొండో రోజున బందరు కాలువ గట్టు మీద బాల్ ఊడిపోయింది. ఒక చక్రం అటు, ఒక చక్రం ఇటు. నిద్రగన్నేరు చెట్టు అడ్డం రాకపోతే బండి కాలువలోకే. డ్రైవరు కుర్రాడికి భుజం ఎముక విరిగింది. ఆస్పత్రిలో వాడి తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ చూపు ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. ఆ రోజునుంచి స్టీరింగుకు, బ్రేకుకు పాత ముక్క నా చేత్తో బిగించలేదు. నువ్వు మా అక్క కొడుకువి, నీ చేత బిగించనిస్తానా?

బ్రేకు హోసు పైకి బాగానే కనపడుతుంది, లోపల ఉబ్బిపోతుంది. పెడలు తొక్కితే ఆయిలు వెళ్తుంది కానీ వెనక్కి రాదు, చక్రం పట్టేసి డ్రమ్ము కాలుతుంది. హోసులన్నీ కొత్తవి వేయించు. టైర్లయితే పక్క గోడ మీద కోడ్ చివరి నాలుగంకెలు చూడు. 1418 అంటే 2018లో పద్నాలుగో వారంలో తయారైనది. బటన్లు ఎంత నిండుగా ఉన్నా అంత పాత టైరు మీద లోడు వెయ్యొద్దు.

ఇంజను గురించి భయపడకు. స్టార్టు చేసి ఆయిలు మూత తియ్యి, అరిగిన ఇంజను వదిలే బ్యాక్ కంప్రెషన్ పొగ గుప్పుగుప్పుమని వస్తుందేమో చూసి చెప్పు. నీలం పొగ, రేడియేటర్లో బుడగలు ఉన్నాయేమో అదీ చూడు. మిగతాది వచ్చాక నేనే చూసుకుంటాను. సెల్ఫ్ బరువుగా తిరుగుతోందన్నావు కదా, ఎవరి మాటా విని బ్యాటరీ కొనకు. ఛాసిస్‌కు ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు పట్టి ఉంటుంది. ఆ బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో మెరిసేలా రుద్ది మళ్ళీ బిగించు. నూటికి తొంభైపాళ్ళు అక్కడే తేలిపోతుంది.

రంగు చివర్లో. మీ అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పు, ఏ రంగు వేస్తే బాగుంటుందో ఆవిణ్ణే అడుగు. గోల సగం తగ్గుతుంది.

సుత్తి పని అయ్యాక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి రా, బండి అక్కడే ఉండనీ. వెనక ఎడమవైపు షాకిల్ పిన్ను, బుష్ ఊడదీసి సంచిలో వేసుకురా. ఫొటో చూసి కొలత తెలియదు, పాతది పక్కన పెట్టి చూసుకుంటేనే సరైనది దొరుకుతుంది. పెన్సిలు అచ్చు కాగితం మర్చిపోకు.

మీ మావయ్య