అన్ని రకాల కథలూ చదివే మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో జతపరచిన జాబితా అందాయి. గత ఏడాది నీవు చదివిన 31 పుస్తకాలలో అపరాధ పరిశోధన నవలలు 9, ప్రేమకథలు 7, సైన్స్ ఫిక్షన్ 5, దయ్యాల కథలు 4, లావుపాటి అనువాద నవలలు 3, పిల్లల కథలు 3 ఉన్నాయి. ఇది అభిరుచి కాదు, కలగూరగంప అని మిత్రులు ఎగతాళి చేస్తున్నారనీ, సగం వదిలేసి ఒక్క దారిన చదవడం మేలేమో చెప్పమనీ అడిగావు. ఏదీ వదలవద్దు. అయితే ఏది ఎందుకు నచ్చిందో చెప్పడం నేర్చుకోవాలి. జాబితాలో పేర్లున్నాయి గానీ ఆ సంగతి ఒక్కచోటా లేదు.

వదిలేయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళప్పుడు, సాహిత్య సభలకు వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో, డిటెక్టివ్ నవలలు చదువుతానని తెలిస్తే చులకనైపోతానన్న భయంతో, నా దగ్గరున్నవన్నీ కట్టగట్టి పాత కాగితాల లెక్కన అమ్మేశాను. ఆ తరువాత ఆరేళ్ళపాటు పెద్దలు మెచ్చిన నవలలే చదివాను. నిజానికి వాటిలో సగం పూర్తి చేయలేదు. పూర్తి చేసినట్టు మాట్లాడడం మాత్రం బాగా అలవడింది.

ఆ రోజుల్లోనే రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ నవల ‘నేరము-శిక్ష’ చేతికి వచ్చింది. 1866లో ఒక పత్రికలో విడతలుగా వెలువడిన ఆ నవలలో ఆరు భాగాలుంటే, మొదటి భాగం ముగిసేసరికే హత్య జరిగిపోతుంది, చేసిందెవరో మనకు తెలిసిపోతుంది. అయినా రాత్రి రెండింటిదాకా పుస్తకం దించలేకపోయాను. దర్యాప్తు అధికారి తాపీగా మాటలు కలుపుతూ హత్య చేసిన కుర్రవాణ్ణి ఉచ్చులోకి లాగుతుంటే, నేను అమ్మేసిన నవలలు నన్ను కూర్చోబెట్టి చదివించిన ఉత్కంఠే ఇక్కడా ఉందని అర్థమైంది. ఆ పుస్తకాన్ని గంభీరమైనదని పొగిడినవారెవరూ ఆ మాట నాకు చెప్పలేదు.

నోటు పుస్తకం పెట్టుకున్నది అప్పుడే. చదవడం అయ్యాక అర పేజీకి మించకుండా రాస్తాను. కథాసారాంశం రాయను, అది అట్ట వెనకాలే ఉంటుంది. ఏ పేజీ దగ్గర వేళ మరిచిపోయాను, ఏ పేజీ దగ్గర మూసి పక్కన పెట్టాను, కథ చెబుతున్నదెవరు, ఆ మనిషి మాట ఎంతవరకు నమ్మాను, ఇంతే. పేజీ అంకెలు మాత్రం నీవు తప్పక వేయాలి. ‘చాలా బాగుంది’ అని రాసుకుని మనల్ని మనం మభ్యపెట్టుకోవచ్చు గానీ, 40వ పేజీలో మూసిన పుస్తకాన్ని మళ్ళీ మూడు వారాలకు గానీ తెరవలేదన్న లెక్క దగ్గర ఆ ఆట సాగదు.

నాలుగేళ్ళ తరువాత ఆ రాతలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఘోరమైన విషయాన్ని గొంతు పెంచకుండా చెప్పే కథలే, అవి ఏ రకానివైనా, నన్ను పట్టుకున్నాయని తేలింది. 1915లో వెలువడిన కాఫ్కా ‘మెటమార్ఫసిస్’లో మనిషి నిద్ర లేచేసరికి పురుగై ఉంటాడు; అతని బెంగంతా అయిదు గంటల రైలు తప్పిపోయిందే, ఏడు గంటల రైలైనా అందుకోవడం ఎలాగా అని. అక్కడ నాకు నవ్వూ వణుకూ కలిసే వచ్చాయి. మంచి దయ్యాల కథ చదివినప్పుడూ నాకు అలాగే ఉంటుంది. నీ సంగతి వేరే కావచ్చు, నీకు నచ్చేవి రెండు మూడు తీరులుగా ఉండవచ్చు. ముందే ఊహించుకుని దానికి తగిన పుస్తకాలు ఏరుకోవద్దు.

అన్నీ చదవడమంటే అన్నిటినీ మెచ్చుకోవడం కాదు. 31 పుస్తకాలలో ఒక్కటీ బాగాలేదని నీవు రాయకపోవడమే, మిత్రుల ఎగతాళి కన్నా, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఏ రకం కథనైనా ఆ రకానికి తగిన న్యాయంతోనే తూచాలి. ఆధారాన్ని మనకు చూపకుండా దాచి, ఆఖరి అధ్యాయంలో జేబులోంచి తీసే పరిశోధకుడి కథ, శైలి ఎంత బాగున్నా, మోసమే. ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థాన్ని మూడు వందల పేజీలు సాగదీసిన ప్రేమకథను నేను క్షమించను. దయ్యమెవరో, ఎందుకొచ్చిందో చివర పూసగుచ్చినట్టు వివరించే కథ, అంతవరకూ పుట్టించిన భయాన్ని తానే పోగొట్టుకుంటుంది. పిల్లల కథల గురించి చెప్పనక్కరలేదు, నీతి ఎక్కువైతే పిల్లలే అవతల పడేస్తారు.

లావుపాటి నవల ముగించిన వెంటనే ఇంకో లావుపాటిది పట్టకు. మధ్యలో ఒక సన్నని పుస్తకం పడనీ.

నీ జాబితాలో 17వ పేరు పక్కన చిన్న చుక్క పెట్టి ఊరుకున్నావు. అది మధ్యలో ఆపినదా, లేక నచ్చిందని చెప్పడానికి సిగ్గుపడినదా? వచ్చే ఉత్తరంలో ముందు దాని గురించే, పేజీ అంకెతో సహా రాయి.

నీ మామయ్య