హెడ్‌ఫోన్ స్టాండ్‌ను ఈఎంఐలో కొనవచ్చా?

ప్రశ్న: సార్, నా వయసు 27. మియాపూర్‌లో ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. చేతికి వచ్చే జీతం రూ.54,000. జనగామ దగ్గర ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు నెలకు రూ.12,000 పంపుతాను. అద్దెలో నా వాటా రూ.9,500. తిండి, పెట్రోలు, మిగతావన్నీ కలిపి రూ.14,000. ఫోన్, హెడ్‌ఫోన్, కుర్చీ, మానిటర్ ఈఎంఐలు మొత్తం రూ.10,000. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ రూ.3,000. బ్యాంకులో రూ.11,400 ఉంది. హెడ్‌ఫోన్‌ను టేబుల్ మీద పడేస్తే పాడవుతోంది. చూడటానికి బాగుండే స్టాండ్ ఒకటి నచ్చింది. వాల్‌నట్ చెక్క, వైర్‌లెస్ చార్జింగ్, రంగుల లైట్లు ఉన్నాయి. ధర రూ.6,499. కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ తీసుకోవాలా, పే లేటర్ వాడాలా? కార్డు బాకీ రూ.28,000 ఉంది, రెండు నెలలుగా మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతున్నాను. వేసవిలో అమ్మ చేయి విరిగినప్పుడు యాప్‌లో రూ.15,000 లోన్ తీసుకున్నాను, అది తీర్చేశాను.
– పేరు రాయవద్దని కోరిన పాఠకుడు

జవాబు: రెండూ వద్దు.

స్టాండ్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఎలాంటిది కొనాలో కింద చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది చివరి రెండు వాక్యాలు. వాటి గురించి మీరేమీ అడగలేదు. "అది తీర్చేశాను" అని ఒక్క మాటతో దాటేశారు. ఇదే పొరపాటు చేసి, దాన్ని పొరపాటు అనుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే మీకు ఫోన్ చేసి వివరాలు అడిగి మరీ ఈ జవాబు రాస్తున్నాను.

అమ్మగారు వాకిట్లో జారిపడి మణికట్టు విరిగిన రోజున మీ ఖాతాలో రూ.2,000 కూడా లేదని చెప్పారు. ఆస్పత్రిలో అడ్వాన్సు అడిగారు. స్నేహితుడు కొంత సర్దాడు, మిగతాది యాప్‌లో తీసుకున్నారు. లోన్ రూ.15,000 అన్నారు గానీ, ప్రాసెసింగ్ పేరుతో కోసుకోగా మీ ఖాతాలో పడింది రూ.13,500. 60 రోజులకు మీరు కట్టింది రూ.15,900. అంటే రూ.13,500 వాడుకున్నందుకు రెండు నెలలకు రూ.2,400. నూటికి నెలకు దాదాపు తొమ్మిది రూపాయల వడ్డీ! మీ నాన్నగారు వ్యవసాయం చేస్తారు. ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానని ఆయనకు చెప్పి చూడండి, ఆ పూట అన్నం ముట్టరు. ఊళ్ళో వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్ళడానికి వంద సార్లు ఆలోచించే ఇంటి పిల్లలు, ఫోన్‌లో అంతకు రెట్టింపు వడ్డీకి మూడు నిమిషాల్లో ఓకే నొక్కేస్తున్నారు. తెర మీద శాతం కనపడదు, "రోజుకు రూ.40 మాత్రమే" అన్న మాట కనపడుతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు నిబంధనలు పెట్టింది. అప్పు ఇచ్చేముందు ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక పత్రంలో రాసి చూపాలి. మీకూ చూపించే ఉంటారు. చదవలేదని మీరే ఒప్పుకున్నారు. తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరు చదువుతారు? అందుకే ఆపదకు పనికొచ్చే డబ్బు ముందే చేతిలో ఉండాలంటాను.

ఇక "తీర్చేశాను" అన్నదాని సంగతి. ఆ రూ.15,900 ఆ నెల జీతంలోంచి పోయింది. జీతం అయిపోవడంతో కిరాణా, పెట్రోలు, అమ్మగారి మందులు కార్డు మీద గీకారు. ఆ బిల్లు వచ్చేసరికి పూర్తిగా కట్టలేక మినిమమ్ డ్యూతో సరిపెట్టారు. కాబట్టి యాప్ అప్పు తీరలేదు, కార్డు మీదికి ఎక్కి కూర్చుంది. రూ.28,000 మీద మీ కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం చొప్పున రూ.980. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ రూ.176. నెలకు రూ.1,156 మీకు ఏ వస్తువూ రాకుండా పోతోంది. పైగా పాత బాకీ మొత్తం తీరేదాకా, కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. బిల్లు గడువు దాకా వడ్డీ ఉండదనే వెసులుబాటు మీకు ఇప్పుడు లేదు. ఇది చాలామందికి తెలియదు.

ఈ పరిస్థితిలో అదే కార్డు మీద ఐదో ఈఎంఐ. నో కాస్ట్ అంటే ఖర్చు లేదని కాదు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు రూ.199 అని ఉంది. దాని మీద జీఎస్‌టీ కలిపితే రూ.235. వడ్డీని డిస్కౌంటుగా వెనక్కిచ్చినా, ఆ వడ్డీ మీద జీఎస్‌టీ మీరే కట్టాలి, అది ఇంకో రూ.50 దాకా అవుతుంది. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇక పే లేటర్ కూడా అప్పే. ఒక్క వాయిదా తప్పినా మీ అప్పుల చరిత్ర రాసుకునే సిబిల్‌లో పడుతుంది. పేరు మెత్తగా ఉందని మోసపోకండి.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, ఆవును మేపడానికి మనిషిని పెట్టి, చివరికి సంసారంలో పడిన సన్యాసి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఫోన్‌కు హెడ్‌ఫోన్, హెడ్‌ఫోన్‌కు స్టాండ్, స్టాండ్ పెట్టడానికి ఇంకాస్త పెద్ద టేబుల్. మీరు నా దగ్గర టేబుల్ ధర కూడా అడిగారు.

నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక రాత్రి పదకొండు గంటలకు మా నాన్నగారికి గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర రూ.30,000 కడితేనే పైకి తీసుకెళ్తామన్నారు. అప్పటికి ఆరు నెలల ముందే వాయిదాల్లో కొన్న కెమెరా మా అలమరలో మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. దాని సంచి కూడా తోలుది, ఏరి కోరి కొన్నాను. ఖాతాలో రూ.6,000 ఉంది. మా బావగారు వచ్చేదాకా నలభై నిమిషాలు ఆ కౌంటర్ ముందు నిలబడ్డాను. నాన్న బతికారు. కానీ ఆ నలభై నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటి నుంచి ఎవరు ఏ ప్రశ్నతో వచ్చినా ముందు అడిగేది ఒక్కటే: రేపు పొద్దున్నే అప్పు చేయకుండా ఎంత తీయగలరు?

మీ జవాబు రూ.11,400. అమ్మగారు ఇంకోసారి జారిపడితే మళ్ళీ అదే యాప్. ఉద్యోగం పోతే పదిహేను రోజులు కూడా గడవదు.

ఇప్పుడు చేయాల్సింది. ఆ రూ.11,400 ముట్టుకోకండి, కార్డు బాకీకి కూడా. దాన్ని వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి అందులో వేయండి. ఆ ఖాతాను యూపీఐకి లింక్ చేయవద్దు. ఫోన్ తెరిస్తే కనపడే డబ్బు నిలవదు, మీ విషయంలో అది రుజువైంది కూడా. మీరు రాసిన లెక్క ప్రకారమే నెలకు రూ.5,500 మిగలాలి. ఎటు పోతోందో మీరు చెప్పలేకపోయారు. జీతం పడిన రోజునే దాన్ని కార్డుకు కట్టేయండి. సిప్‌ను ప్రస్తుతానికి ఆపండి. మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు మోస్తూ మార్కెట్‌లో పెట్టుబడి పెట్టడంలో అర్థం లేదు. రెండూ కలిపి రూ.8,500. ఈఎంఐలకు విడిగా పెట్టుకున్న రూ.10,000తో కలిపి అది మినిమమ్ డ్యూకు సరిపోతుందో లేదో బిల్లులో చూసుకుని, గడువుకు మూడు రోజుల ముందే కట్టండి. కొత్తగా ఏమీ గీకకపోతే నాలుగో నెలలో కార్డు ఖాళీ అవుతుంది. కార్డును అప్పటిదాకా పర్సులోంచి తీసి ఇంట్లో పెట్టండి, షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన నంబరు తీసేయండి. ఈ రూ.28,000 కోసం పర్సనల్ లోన్ అక్కర్లేదు.

హెడ్‌ఫోన్ వాయిదాలు ఇంకా మూడు, కుర్చీవి నాలుగు, మానిటర్‌వి ఐదు, ఫోన్‌వి తొమ్మిది ఉన్నాయి. ఒక్కో వాయిదా అయిపోగానే ఆ మొత్తం అలాగే కొత్త ఖాతాకు వెళ్ళాలి. అలవాటైన కోత కాబట్టి కష్టం అనిపించదు. మీ ఇంటి ఖర్చు, ఊరికి పంపేది కలిపి నెలకు రూ.35,500. ఉద్యోగం పోయినా గడిచేలా ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, అంటే రూ.2,13,000. నేను చెప్పినట్టు చేస్తే పదహారు నెలల్లో ఆ మొత్తం చేతిలో ఉంటుంది. పెద్ద అంకెలా కనిపిస్తోంది గానీ, అప్పటికి ఈఎంఐలన్నీ పోయి నెలకు రూ.18,500 దాకా మిగులుతుంటుంది. ఆ హాయి ఎలా ఉంటుందో మీరే చూస్తారు. మొదటి లక్ష దాటాక సిప్ మళ్ళీ మొదలు పెట్టాలనిపిస్తే పెట్టండి, ఆ మేరకు గడువు కాస్త పెరుగుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్టా, లిక్విడ్ ఫండా అన్నది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

స్టాండ్ విషయానికి వద్దాం. మీ హెడ్‌ఫోన్ ఖరీదైనదే, పాడవకూడదన్న ఆలోచన మంచిదే. అది పాడయ్యేది ముఖ్యంగా రెండు చోట్ల: తల మీద ఆనే పట్టీ, చెవుల దగ్గరి మెత్తలు. కాబట్టి స్టాండ్ పైభాగం వెడల్పుగా, గుండ్రంగా ఉండాలి. సన్నటి కడ్డీకి నెలల తరబడి వేలాడితే పట్టీలోని ఫోమ్ నొక్కుకుపోయి గాడి పడుతుంది. అడుగు బరువుగా ఉండాలి, లేకపోతే చార్జింగ్ వైరు తగిలి స్టాండ్, హెడ్‌ఫోన్ కలిసి కింద పడతాయి. మెత్తలు టేబుల్‌కు తగలనంత ఎత్తు ఉంటే చాలు. చెమట తుడవకుండా పెట్టినా, కిటికీ దగ్గర ఎండలో ఉంచినా ఎంత మంచి స్టాండ్ అయినా ఆ మెత్తల తోలు పొరలు పొరలుగా ఊడిపోతుంది. తీసిన వెంటనే పొడి గుడ్డతో తుడవడం అన్నిటికన్నా ముఖ్యం.

మీరు చూసినదానిలో వైర్‌లెస్ చార్జింగ్ మీ హెడ్‌ఫోన్‌కు పనికిరాదు. అది అడుగున ఫోన్ పెట్టుకోవడానికి. మీ హెడ్‌ఫోన్‌కు ఎలాగూ వైరు పెట్టాల్సిందే. రంగుల లైట్లకు ఇంకో వైరు. అంటే రూ.6,499లో మీకు ఉపయోగపడేది ఒక చెక్క ముక్క. టేబుల్ అంచుకు కింద బిగించే కొక్కేలు మూడు నాలుగు వందల్లో దొరుకుతాయి, టేబుల్ మీద చోటూ మిగులుతుంది. అందం కూడా కావాలంటే నేను చేయించిన పద్ధతి చెబుతాను. మా వీధిలో తలుపులు చేసే వడ్రంగి దగ్గర ద్వారబంధం కోయగా మిగిలిన టేకు ముక్కలు మూలన పడి ఉంటాయి. జానెడు పొడవు నిలువు ముక్క, అడుగున మందపు పలక, పైన అరచేతి వెడల్పున గుండ్రంగా చెక్కిన ముక్క. ఇసుక కాగితంతో రుద్ది, నూనె పట్టించి, పైన ఫెల్ట్ గుడ్డ అంటించి ఇచ్చాడు. కూలీతో కలిపి రూ.450. మా అమ్మాయి టేబుల్ మీద మూడేళ్ళుగా ఉంది. నూనె పట్టిన టేకు రంగు ముందు ఆ లైట్లు దేనికి? మీ ఊళ్ళోనూ వడ్రంగి ఉంటారు, ఈసారి వెళ్ళినప్పుడు అడగండి. అప్పటిదాకా హెడ్‌ఫోన్‌తో పాటు వచ్చిన గట్టి పెట్టె ఉంది కదా, దుమ్ము కూడా పడదు. దాన్ని అటక మీద పెట్టానన్నారు, దించండి.

అమ్మానాన్నల వైద్యం గురించి ఒక మాట. వాళ్ళకు ఆహార భద్రతా కార్డు ఉందన్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. జనగామలో, హనుమకొండలో ఏ ఆస్పత్రులు ఆ జాబితాలో ఉన్నాయో, ఏ చికిత్సలకు వర్తిస్తుందో ఇప్పుడే కనుక్కుని నాన్నగారి ఫోన్‌లో రాసి పెట్టండి. మొన్న దగ్గర్లో ఉందని ఏదో ఒక ఆస్పత్రికి వెళ్ళారు, ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలు ఉంటే అది సాధారణంగా రెన్యువల్ సమయంలోనే ఉంటుంది. మీ పాలసీ ఎప్పుడు రెన్యువల్ అవుతుందో మీకు తెలియదన్నారు. రేపే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. ఆ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి, కార్డు బాకీ తీరిన నెలలోనే మీ పేరున ఒకటి విడిగా తీసుకోండి. స్నేహితుడి బాకీ ఎంతో మీరు రాయలేదు. అతను అడగలేదు కదా అని వదిలేయకండి, ఎప్పటికల్లా ఇస్తారో ఈ వారమే అతనికి చెప్పండి.