టీబీ శిక్షణ బాధ్యత ఇస్తామంటున్నారు, అమ్మాయిని చేరమనవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. ఇప్పుడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా తీసుకుని, టీబీ సోకకుండా మిగతా సిబ్బందికి శిక్షణ ఇచ్చే బాధ్యత అప్పగిస్తామంటున్నారు. తనకు ఇష్టమే. టీబీ రోగుల మధ్య తిరగాలంటే మాకే భయం. పైగా సంబంధాలు చూస్తున్నాం. ఈ దారిలో ఎదుగుదల ఉంటుందా? (ఒక తండ్రి, ఒంగోలు)

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. అది తీరకపోతే ఉద్యోగం గురించి నేనేం చెప్పినా మీకు రుచించదు.

రోగం బయటపడి మందులు వాడుతున్న మనిషి కన్నా, ఓపీలో నంబరు కోసం దగ్గుతూ కూర్చున్న, ఇంకా ఎవరూ తెమడ పరీక్ష రాయని మనిషి నుంచే ఆసుపత్రి సిబ్బందికి ఎక్కువ ముప్పు. సరైన మందులు మొదలయ్యాక చాలామందిలో ఇతరులకు అంటించే శక్తి త్వరగా తగ్గిపోతుంది. మందులకు లొంగని టీబీ అయితే, పనిచేసే మందు పడేదాకా జాగ్రత్త తప్పదు. అంటే మీ అమ్మాయి ఇప్పుడున్న జనరల్ వార్డులోనూ ఈ ముప్పు ఉంది. కాకపోతే అక్కడ దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు.

కొత్త పనిలో ఆమె నేర్చుకునేదీ, నేర్పేదీ ఆ లెక్కే. దగ్గుతో వచ్చినవారిని గేటు దగ్గరే గుర్తించి, మాస్కు ఇచ్చి, వేరే వరుసలో ముందుగా పంపించడం మొదటి మెట్టు. దీనికి పెద్ద ఖర్చు లేదు, అయినా ఎక్కువ ఆసుపత్రులు తప్పేది ఇక్కడే. ఆ తర్వాత గాలి. టీబీ క్రిములు గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి కనుక, ఎదురెదురు కిటికీలున్న పాత హాలు చాలాసార్లు తలుపులు మూసిన ఏసీ గది కన్నా మేలు. డాక్టరు కుర్చీ ఎటు వేయాలో కూడా గాలి వీచే దిక్కే చెబుతుంది. గాలి డాక్టరు వైపు నుంచి రోగి వైపు వెళ్లాలి. తెమడ నమూనా ఆరుబయట తీయాలి తప్ప మరుగుదొడ్డిలో కాదు. ఎన్95 మాస్కు చివరి మెట్టు. అది సిబ్బందికి, మామూలు సర్జికల్ మాస్కు రోగికి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది, లేదా ఎన్95ను వదులుగా గడ్డానికి తగిలించుకుని తిరుగుతారు. పక్కల నుంచి గాలి పోతుంటే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇరవై ఏళ్లుగా వార్డులో ఉన్న సీనియర్ సిస్టరుకు ఈ మాట నొప్పించకుండా చెప్పగలగడమే ఈ ఉద్యోగంలో అసలు కష్టం. మీ అమ్మాయికి ఆ ఓర్పు ఉందో లేదో నాకన్నా మీకే బాగా తెలుసు.

సంబంధాల విషయంలో వచ్చేవారికి రెండు మాటలు చెప్పండి. కంచం, గ్లాసు, బట్టల వల్ల టీబీ రాదు. క్రిమి ఒంట్లో చేరినవారిలో కూడా జీవితకాలంలో రోగం బయటపడేది నూటికి 5 నుంచి 10 మందికే. మధుమేహం, హెచ్‌ఐవీ ఉన్నవారికి మాత్రం ఆ అవకాశం ఎక్కువ. అమ్మాయికి అలాంటి సమస్య ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇంత చెప్పినా వెనక్కి తగ్గే సంబంధం, ఆమె ఏ వార్డులో చేసినా ఏదో వంక చూసుకుంటుందని నా అభిప్రాయం.

ఇక ఎదుగుదల. ఈ ఉద్యోగంలో టీబీ ఒక భాగమే. చేతుల శుభ్రత, సూది గాయాలు, ఆపరేషన్ తర్వాత చీము పట్టడం, ఆసుపత్రి వ్యర్థాలు, అన్నీ ఆమె పరిధిలోకి వస్తాయి. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోరే ఆసుపత్రులకు ఇలాంటి నర్సులు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ 2015లో వచ్చిన కాయకల్ప పథకం ఈ అంశాలకు మార్కులు వేస్తుంది. రెండు మూడేళ్లు చేశాక ప్రజారోగ్యంలో పీజీ కోర్సు ఎంపీహెచ్ చదవవచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ఆ కోర్సు ఉంది. వార్డు అనుభవంతో వెళ్లినవారికి అక్కడి పాఠాలు త్వరగా ఒంటబడతాయి. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ వంటి పోస్టులు డిగ్రీ ఉన్నవారికి అందుబాటులో ఉంటాయి. అయితే అవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు, ఊళ్లు తిరగాలి, ద్విచక్ర వాహన లైసెన్సు అడుగుతారు. వాటి కోసం చేతిలో ఉన్న అవకాశాన్ని వదులుకోమని నేను చెప్పను.

ఒప్పుకునే ముందు అమ్మాయి ఆసుపత్రిని కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ బాధ్యతకు పూర్తి సమయం ఇస్తారా, లేక వార్డు డ్యూటీ అయ్యాక రిజిస్టర్లు నింపమంటారా? బయట శిక్షణకు పంపితే ఆ రోజులకు జీతం ఉంటుందా? సిబ్బందికి ఏటా టీబీ పరీక్షలు చేయిస్తున్నారా? ఎన్95 మాస్కులు కొలత చూసి ఇస్తారా, ఒకే సైజు పెట్టె తెచ్చి పడేస్తారా? జవాబులు నమ్మకంగా ఉంటే చేరమనండి. పేరు మార్చి అదే జీతానికి రెండు పనులు చేయించుకునే ఎత్తు అనిపిస్తే, హోదా, పనిగంటలు నియామక పత్రంలో రాసిచ్చేదాకా సంతకం పెట్టవద్దనండి.