పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాక ‘ఎసిపిఐ బయోస్ ఎర్రర్’ వస్తోంది, ఫ్యాన్ ఆగట్లేదు. మెషిన్ మార్చేయాలా?

మార్చక్కర్లేదండి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాధలు మూడు. ఆన్ చేయగానే తెర మీద ఎర్రర్ వరసలు పడుతున్నాయి, పనేమీ లేకపోయినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బ్యాటరీ గంటన్నరకు మించి రావట్లేదు. అమలాపురంలో షాపు అతను మదర్‌బోర్డు పోయిందన్నాడు. బోర్డు పోతే మీరు ఈ ప్రశ్న అదే ల్యాప్‌టాప్ మీద టైప్ చేయగలిగేవారే కాదు. మన జిల్లాల్లో ఏ షాపుకి తీసుకెళ్లినా లినక్స్ అనగానే ముందు ‘బోర్డు’ అంటారు, తర్వాత ‘విండోస్ వేసేద్దాం’ అంటారు. మూత తీసి లాగ్ చదివినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ముందు ఒక్క విషయం. ఎసిపిఐ అంటే ఫ్యాన్, బ్యాటరీ, నిద్ర లాంటి సంగతులను మెషిన్, ఆపరేటింగ్ సిస్టం మాట్లాడుకునే పద్ధతి. ఎవరైనా గ్రబ్‌లో (లినక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాంలో) ‘ఎసిపిఐ ఆఫ్’ అని పెట్టమంటే పెట్టకండి. ఎర్రర్లు మాయమవుతాయి, నిజమే. వాటితోపాటు బ్యాటరీ శాతం పోతుంది, మూత వేస్తే నిద్రపోవడం పోతుంది, కొన్ని మెషిన్లలో ఒక్క కోర్ మీదే నడవాల్సి వస్తుంది. ఇంటర్నెట్‌లో పదిహేనేళ్లుగా ఈ సలహా తిరుగుతూనే ఉంది. దాని వల్ల ఎన్ని మంచి మెషిన్లు పాత సామాన్లవాళ్ల తక్కెట్లోకి వెళ్లిపోయాయో.

తెర మీద కనిపించే ఆ ‘సింబల్ దొరకలేదు’ లాంటి వరసల్లో ఎక్కువ భాగం ఏ హానీ చేయవు. ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం, బయోస్ అదే) రాసినవాళ్లు తమ పట్టికల్లో లేని పరికరం పేరు రాసేసి వదిలేశారు, లినక్స్ గుండెకాయైన కర్నెల్ అది చదివి లేదని చెబుతోంది, అంతే. మీ ఫ్యాన్‌ని తిప్పేది వేరే ఉంటుంది. అదేమిటో నాకు తెలిసొచ్చిన రాత్రి గురించి చెబుతాను.

మా బాబాయికి ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మేత బస్తాలు, డీజిల్, కరెంటు బిల్లు, పట్టుబడి రోజు కౌంటు, బరువు, అన్ని లెక్కలూ నేనే చూస్తాను. అంతా నా పాత ల్యాప్‌టాప్‌లోనే, లిబ్రేఆఫీస్‌లో. విండోస్ 7 కాలం నాటి మెషిన్ అది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

మొన్న వేసవిలో ఒక రాత్రి వెనామీ రొయ్యల పట్టుబడి. కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గట్టు మీద ఐస్ లారీ, కూలీలు నీళ్లు కారుతున్న ట్రేలు తెచ్చి కాటా మీద పెడుతున్నారు, కొనేవాళ్ల మనిషి బరువు చదువుతుంటే నేను ఎక్కించాలి. అంతలో కరెంటు పోయింది. జనరేటర్ వేశారు గానీ అది పక్క చెరువు ఏరేటర్లకే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి వాటిని ఆపడానికి వీల్లేదు, ల్యాప్‌టాప్ ఛార్జర్ సంగతి ఎవరికి పట్టింది? ఫ్యాన్ ఒకటే మోత. అరచేతి కింద ప్లాస్టిక్ కాలుతోంది. బ్యాటరీ 60, 52, 45 అని కళ్లముందే దిగుతోంది. తెరిచి ఉన్నది ఒక్క షీటు.

పక్కనే టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, ఏ పని ప్రాసెసర్‌ని ఎంత తింటోందో చూపే ‘టాప్’ చూస్తే కేవర్కర్ అనే కర్నెల్ పని, పేరు చివర కెఎసిపిఐడి అని తగిలించుకుని, ఒక కోర్‌ని మొత్తంగా తినేస్తోంది. సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్, అందులో ఎసిపిఐ, అందులో ఇంటరప్ట్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అక్కడ ‘జీపీఈ’తో మొదలయ్యే ఫైళ్లన్నీ చదివాను, బోర్డు మీది ఒక్కో సిగ్నల్ కర్నెల్‌ని ఎన్నిసార్లు లేపిందో అవి చెబుతాయి. దాదాపు అన్నీ సున్నాలే. జీపీఈ 6ఎఫ్ మాత్రం లక్షల్లో ఉంది. మళ్లీ చదివితే అప్పటికే వేలల్లో పెరిగింది. బోర్డు మీద ఏదో ఒక సిగ్నల్ ఆగకుండా కర్నెల్‌ని లేపుతోంది, కర్నెల్ లేచి చూస్తోంది, అక్కడేమీ ఉండట్లేదు, మళ్లీ లేపుతోంది. రూట్ షెల్‌లోకి (అన్ని అధికారాలూ ఉన్న టెర్మినల్‌లోకి) వెళ్లి ఆ ఫైల్లోకి ‘డిజేబుల్’ అన్న ఒక్క మాట రాశాను.

కాసేపటికి ఫ్యాన్ మోత తగ్గింది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. కాటా దగ్గర నుంచి బాబాయి కంగారుగా వచ్చి “ఏరా, ఆగిపోయిందా? లెక్కంతా పోయిందా?” అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మోత ఉంటేనే మెషిన్ నడుస్తున్నట్టు ఆయనకు. “లేదు బాబాయ్, ఇప్పుడే బాగుపడింది” అని షీటు చూపించాను. లారీకి తాడు బిగించేదాకా ఛార్జింగ్ నిలిచింది.

మీరూ అదే చూడండి. కొన్ని జాగ్రత్తలున్నాయి. ఆ ఫోల్డర్లో ‘జీపీఈ ఆల్’, ‘ఎస్‌సీఐ’ అని మొత్తం లెక్క చూపే ఫైళ్లు కూడా ఉంటాయి, వాటిలో పెద్ద అంకె ఉంటే కంగారు పడొద్దు. విడి నంబర్లలో ఏది పరిగెడుతోందో చూడాలి. ఆ తర్వాత, ఆపే ముందు, కర్నెల్ లాగ్‌లో ‘ఈసీ’ అని వెతకండి. కీబోర్డు, బ్యాటరీ, మూత సంగతులు చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ ఏ జీపీఈ నంబరు వాడుతోందో ఆ వరసలోనే రాసి ఉంటుంది. పరిగెడుతున్నదీ అదే నంబరైతే దాన్ని ఆపొద్దు. ఆపితే బ్యాటరీ శాతం కదలడం మానేస్తుంది. అలాంటప్పుడు మెషిన్ ఆపేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకోండి. ఆ కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. చాలా పాత మెషిన్లకు ఇదే మందు.

ఇంకోటి, ముందు సుడో (రూట్ అధికారంతో నడిపే ఆదేశం) పెట్టి ఎకోతో ఆ ఫైల్లోకి రాయబోతే పర్మిషన్ లేదంటుంది. రూట్ షెల్‌లోంచి రాయాలి. అలా రాసింది రీబూట్ చేస్తే పోతుంది కాబట్టి ఫలితం బాగుందనిపించాక గ్రబ్ సెట్టింగుల ఫైల్లో ‘ఎసిపిఐ మాస్క్ జీపీఈ’ అనే పారామీటర్‌ని (మాటల మధ్య అండర్‌స్కోర్లు) మీ నంబరుతో, ముందు సున్నా ఎక్స్ పెట్టి చేర్చి, గ్రబ్‌ని అప్‌డేట్ చేయండి.

ఇదంతా ఎందుకు వస్తుందంటే, ఈ మెషిన్లలో ఎక్కువ వాటిని కంపెనీలు విండోస్‌తోనే పరీక్షిస్తాయి. ఎసిపిఐ ప్రమాణాన్ని 1996 డిసెంబరులో తెచ్చింది ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా. 1999 జనవరిలో బిల్ గేట్స్ ఈ ఎసిపిఐ పొడిగింపులను విండోస్‌కే పరిమితం చేయకూడదా అని ఈమెయిల్‌లో అడిగారు. తర్వాత అయోవాలో నడిచిన కోర్టు కేసులో అది బయటపడింది. ఆ ఈమెయిల్ చదివినప్పటి నుంచి నాకు ఈ ఎర్రర్ల మీద కోపం పోయి, రాసినవాళ్ల మీదకు మళ్లింది. నువ్వెవరు అని ఫర్మ్‌వేర్ అడిగితే లినక్స్ కర్నెల్ ఇప్పటికీ ‘విండోస్’ అనే జవాబిస్తుంది. లినక్స్ అని ఒప్పుకుంటే ఎవరూ పరీక్షించని దారిలోకి వెళ్లాల్సి వస్తుంది మరి! కొన్ని మెషిన్లలో బ్రైట్‌నెస్ బటన్లు పనిచేయకపోవడానికీ, నిద్ర నుంచి లేవకపోవడానికీ ఈ జవాబే కారణం. ‘ఎసిపిఐ ఓఎస్ఐ’ పారామీటర్‌తో దాన్ని మార్చొచ్చు. ‘విండోస్ 2009’ అంటే విండోస్ 7, ‘విండోస్ 2012’ అంటే విండోస్ 8. మీ మెషిన్ ఏ కాలానిదో ఆ పేరు ప్రయత్నించండి, కానీ ఒకసారికి ఒక్క మార్పే. నాలుగు పారామీటర్లు ఒకేసారి అతికిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

బ్యాటరీ గంటన్నరే రావడం మాత్రం పూర్తిగా ఫర్మ్‌వేర్ పాపం కాకపోవచ్చు. పవర్ సప్లై ఫోల్డర్లో బ్యాట్ 0 కింద ‘ఎనర్జీ ఫుల్’, ‘ఎనర్జీ ఫుల్ డిజైన్’ అని రెండు అంకెలుంటాయి. కొన్నింటిలో ఎనర్జీ బదులు ఛార్జ్ అని ఉంటుంది. మొదటిది రెండోదానిలో సగం కూడా లేకపోతే ఏ పారామీటరూ దాన్ని బాగుచేయదు, కొత్త బ్యాటరీ వేయించండి. లోపల బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం ఈరోజే వాడకం ఆపేయండి. అంకె ఎలా ఉన్నా, ఛార్జర్ పెట్టే చోటు కూడా చూసుకోండి. మన చెరువుల ఊళ్లలో ఏరేటర్లు ఒక్కసారిగా వేసినప్పుడూ ఆపినప్పుడూ వోల్టేజీ ఎలా ఊగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఎర్త్ లేని రెండు పిన్నుల కన్వర్టర్‌కి గుచ్చి, రేకు మూత ముట్టుకుంటే జివ్వుమంటున్నా అలాగే వాడేవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకు పెట్టండి.

చివరిగా బయోస్ అప్‌డేట్. మీ మోడల్‌కి కంపెనీ సైట్‌లో ఇంకా ఉంటే తప్పకుండా వేయండి. లినక్స్‌లోంచే వేసే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే పనిముట్టు ఉంది గానీ, అంత పాత మోడళ్లకు అందులో దొరకడం అరుదు. అమ్మిన నాలుగేళ్లకే అప్‌డేట్లు ఆపేసే కంపెనీలున్నాయి, ఇది అన్యాయమే. దొరికితే మాత్రం బ్యాటరీ నిండా ఎక్కించి, ఛార్జర్ కూడా పెట్టి, మీ ఊళ్లో కరెంటు తీయని వేళ చూసుకుని వేయండి. మధ్యలో మెషిన్ ఆగిందంటే అప్పుడు నిజంగానే ఆ షాపు అతను చెప్పిన బోర్డు పని పడుతుంది.